పెట్టె పేరూ, పోలమ్మ నారుమడీ

పిల్లలూ, మీరు పెరిగే చోట ఈ కథ చెప్పేవాళ్ళుండరు, అందుకని నేనే చెబుతున్నాను. నారుమడి అంటే వరినారు పెంచే చిన్న మడి. అదొక్కటి గుర్తుంటే చాలు.

గొల్లవలసలో గవరయ్య, ఎర్రయ్య, సన్యాసయ్య అని ముగ్గురన్నదమ్ములు. "బుర్రలు పంచుతూ పోతున్న దేవుడి బండి మా గుమ్మం ముందే బోర్లాపడింది" అనేవాడు పెద్దవాడు గవరయ్య. చెరువు మోటారుకి కంప్యూటరు తగిలించింది వాళ్ళే మరి! తెర మీద చిన్న పెట్టె వచ్చి "వదలనా?" అంటుంది. కింద "సరే" నొక్కితే నీళ్ళు.

ఒకనాడు పిన్ని పోలమ్మ పరుగున వచ్చింది. "నా నారు వాడిపోతోందిరా, ఈ పూటే తడి పెట్టాలి!"

గవరయ్య పెట్టె తెరిచాడు. పైన మోటారు పేరు "గొల్లవలస పెద్దచెరువు మో" దగ్గర తెగి, పక్కన మూడు చుక్కలున్నాయి.

"పేరంతా కనబడందే ఏ మోటారని నమ్మడం?"

"ఊరికి ఉన్నదే ఒక్క మోటారు కదరా!"

"పద్ధతి పద్ధతే పిన్నీ."

సన్యాసయ్య ఆ చుక్కలు చీమలనుకుని తువ్వాలుతో తుడిచాడు. పోలేదు. ఎర్రయ్య గుట్టు కనిపెట్టాడు. పెట్టె లోపలి మాట ఎంత పొడుగుంటే అంతే వెడల్పు అవుతుంది, పైన పేరెంత పొడుగో చూసుకోదు. "అయితే మాటే పెంచుదాం!" అంతే, "వదలనా వదలనా వదలనా" అని రాసేశాడు. పెట్టె సాగింది, పేరు నిండుగా కనబడింది. గవరయ్య మర్యాదస్తుడు. ఒక్కో "వదలనా"కీ "వదులు" అని తెరకి జవాబు చెబుతూ కూర్చున్నాడు.

"నొక్కరా నాయనా!" అంది పోలమ్మ.

"అన్నా, ఎలాగూ సాగుతోంది, మన పేర్లూ ఎక్కిద్దాం" అన్నాడు సన్యాసయ్య. ముగ్గురి పేర్లూ, తాతల పేర్లూ ఎక్కాయి. వాటికి సరిపడా "వదలనా"లూ పెరిగాయి. ఇంకేముంది, పెట్టె తెర దాటిపోయింది, "సరే" కూడా దాంతోపాటే పోయింది! పెట్టె వచ్చి కూర్చుంటుందని తెర పక్కన ఇంకో బల్ల వేశారు. రాలేదు. గోడ అడ్డమేమోనని గోడ పగలగొట్టారు. అవతల మేక కనబడింది గాని "సరే" కనబడలేదు.

"మీ పేర్లు మీరే చదువుకోండి!" అని పోలమ్మ చెరువు గట్టుకి పోయి మోటారు మీట చేత్తో వేసింది. నీళ్ళు బొళబొళ పారాయి. నారు తడిసింది.

గవరయ్య తమ్ముళ్ళతో మడి దగ్గరికి పరుగెత్తాడు. "పెట్టె అడగలేదు, మనం సరే అనలేదు. ఇవి చెల్లని నీళ్ళురా!"

అంతే, మోటారు ఆపి, మడిలో నీళ్ళు కుండలతో తోడి చెరువులో పోయసాగారు. పోలమ్మ చీపురు అందుకుంది. తమ్ముళ్ళు పారిపోయారు. గవరయ్య మాత్రం వీపున దెబ్బలు పడుతున్నా కదల్లేదు. మడిలో గొంతుక్కూర్చుని, తడిసిన నారు ఒక్కో మొక్కా తువ్వాలుతో పొడిగా తుడుస్తున్నాడు.

నారు వేళ్ళు అప్పటికే కడుపునిండా తాగేశాయి లెండి. ఇది మీ స్నేహితులకీ చెప్పండి. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, నారు బతికిందని మాత్రం చెప్పండి.