నార కట్టిన పువ్వు

గువ్వలకోన అని ఒక అడవి ఉంది. ఆ అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, కోతులు, జింకలు, రకరకాల పిట్టలు ఉండేవి. అడవి మధ్యలో ఒక వాగు పారేది. వాగు ఒడ్డున నల్లటి ఒండ్రు నేల. ఆ నేలలో ఒక ఉడత పూలతోట వేసింది.

వీపు మీద చారలున్నాయని ఆ ఉడతని అందరూ చారలక్క అని పిలిచేవాళ్లు.

ఆ తోటని చూస్తే కడుపు నిండిపోయేది. ఒక పక్క బంతి, ఒక పక్క చామంతి, మధ్యలో కనకాంబరం. గట్ల మీద మరువం. అంత చిన్న ఉడత అంత తోట ఎట్లా చేస్తుందా అని అందరికీ ఆశ్చర్యమే. పొద్దున్నే లేచి తోకతో ఆకుల మీద దుమ్ము దులిపేది. పురుగు పట్టిన ఆకుని కొరికి అవతల పారేసేది. వాడిన పువ్వు కనపడితే వెంటనే గిల్లేసేది.

"పాతది పోతేనే కదా కొత్త మొగ్గ వచ్చేది" అనేది.

కోసిన పూలు కట్టేది గిజిగాడు. గూళ్లు అల్లే పిట్ట కదా, అరటి నారతో వాడు ముడి వేస్తే గాలికి కూడా ఊడదు. బంతి పక్కన ఆకు, ఆకు పక్కన కనకాంబరం, మళ్లీ బంతి. వాడి ముక్కు ఆడుతుంటే జింకపిల్లలు మేత మరిచిపోయి చూసేవి.

వాగు దాటే చోట మద్దిచెట్టు కింద వాళ్ల అంగడి. పూలు మూర లెక్కన ఇచ్చేవాళ్లు. దానికి బదులు ఎవరికి తోచింది వాళ్లు తెచ్చేవాళ్లు. పళ్లో, గింజలో, తేనెపట్టు ముక్కో.

మొదట్లో మూర దగ్గరే పెద్ద గొడవ అయింది.

"నీ మూరతో కొలిస్తే నా చెవికి కూడా చుట్టుకోదు" అన్నాడు ఎలుగుబంటి.

"నీ మూరతో కొలిస్తే నా తోటంతా నీ మెడలోనే ఉంటది మామా" అంది చారలక్క.

అందరూ నవ్వారు. చివరికి కోతి చేతి మూర ఖాయం చేసుకున్నారు. అప్పటినుంచి కోతి రోజూ వచ్చి చెయ్యి చాపి నిలబడేది. కొలిచినందుకు ఒక పువ్వు చెవిలో పెట్టుకొని పోయేది.

చారలక్కకి ఒక అలవాటు ఉంది. ప్రతి కారులో, అంటే ప్రతి పంటకాలంలో, బంతి విరగబూసినప్పుడు తోటంతా తిరిగేది. అన్నిటికంటే పెద్దగా, ముద్దగా, రంగు బాగున్న పువ్వు ఎక్కడుందో వెతికేది. దాని కాడకి ఒక నార పోగు కట్టేది. ఆ పువ్వుని ఎవరికీ ఇచ్చేది కాదు. అది చెట్టు మీదే ఎండాలి. దాని విత్తనమే వచ్చే కారుకి చల్లాలి.

పక్కనే రాళ్లమిట్ట ఉంది. దాని మీద నెమలయ్య తోట. మొదట విత్తనం చారలక్కే ఇచ్చింది. కానీ నెమలయ్య దారి వేరు. పెద్ద పువ్వు కనపడితే చాలు, కోసి అంగట్లో పెట్టేసేవాడు. అందరూ మెచ్చుకుంటుంటే పింఛం విప్పి ఒక చుట్టు తిరిగేవాడు. కారు అయిపోయాక చెట్ల మీద మిగిలిపోయిన చిన్న పూలని కాలితో రాల్చి, వాటినే విత్తనానికి దాచేవాడు.

"ఏం చారలక్కా, మంచిది ఎండబెట్టి చెడ్డది అమ్ముకుంటున్నావా? నీ యాపారం భలేగుందే!" అని ఎగతాళి చేసేవాడు.

చారలక్క నవ్వి ఊరుకునేది.

నెమలయ్య పూలు ప్రతి కారుకీ కొంచెం చిన్నవి అవుతూ వచ్చాయి. వాగు నీళ్లలో తన పింఛం చూసుకోడానికే వాడికి పొద్దు చాలదు, ఇంక పూల సంగతేం చూస్తాడు? పూలు తగ్గినట్టు అనిపించినా, "రాళ్ల నేల కదా, ఆ వాగు నేల నాకుంటేనా!" అనుకునేవాడు.

వాగు నేల ఎవరు చేసుకోవాలో చెప్పేది గజమ్మ. అడవికంతా పెద్ద ఏనుగు. ఆమె మాట దాటేవాళ్లు లేరు.

ఆ ఏడు గజమ్మ మనవరాలికి పెళ్లి కుదిరింది. గజమ్మ స్వయంగా చారలక్క తోటకొచ్చింది. తొండంతో అటూ ఇటూ వాసన చూసింది. నార కట్టిన పువ్వు దగ్గర ఆగింది.

"ఒసే చారలూ, మా పిల్లది పెద్ద తల. సన్న పూలు పెడితే కనపడి చావవు. నుదుటి మీదికి ఈ పువ్వు కావాలి."

చారలక్క పువ్వు ముందుకి దూకింది. "అమ్మమ్మా, తోటంతా నీదే. ఏదైనా కోసుకో. అదొక్కటి వద్దు. అది విత్తనం పువ్వు."

"విత్తనానికి చిన్నది ఉంచుకోవే."

"చిన్నదానికి చిన్నవే పుడతాయి అమ్మమ్మా."

గజమ్మ చెవులు ఆగిపోయాయి. ఆమెకి కోపం వస్తే చెవులు ఆడవు.

మిట్ట మీదినుంచి నెమలయ్య ఎగిరి వచ్చాడు. "అమ్మమ్మా! మా తోటలో కూడా ఇంత పువ్వు ఒకటుంది. ఇప్పుడే కోసిస్తా. పువ్వు పెట్టుకోడానికి గానీ ఎండబెట్టుకోడానికా?"

అది వాడి తోటలో మిగిలిన ఒకే ఒక్క పెద్ద పువ్వు. అదీ కోసేశాడు.

గజమ్మ చారలక్క వైపు చూసింది. "పెళ్లి అయ్యాక చెప్తా, ఈ నేల ఎవరిదో" అని వెళ్లిపోయింది.

గిజిగాడు బెంబేలెత్తిపోయాడు. "అక్కా, తోట పోతదేమో!"

"పువ్వు ఇయ్యలేం. పనితనం ఇద్దాం రా" అంది చారలక్క.

ఇద్దరూ కూర్చున్నారు. చిన్న చిన్న బంతులు ఏరారు. లేత పసుపువి మధ్యలో, ముదురువి చుట్టూ, అంచున కనకాంబరాలు, వాటి కింద మరువం. ఒకదానికొకటి సందు లేకుండా కట్టుకుంటూ పోయారు. సాయంత్రానికి గుమ్మడికాయంత పూలచెండు తయారైంది. దూరం నుంచి చూస్తే ఒకే పువ్వు. దగ్గరికెళ్తే వందల పూలు. ముడి ఎక్కడుందో కనపడదు.

పెళ్లిలో నెమలయ్య పువ్వు పెళ్లికూతురి నుదుటి మీద మెరిసింది. చెండు చెవి పక్కన వేలాడింది. పెళ్లికొచ్చినవాళ్లంతా చెండు చుట్టూనే మూగారు.

గజమ్మ కూడా చెండుని తొండంతో తడిమింది. "పని బాగుందే. కానీ నేను అడిగింది నువ్వు ఇయ్యలేదు. వాగు నేల ఇంక నెమలిది" అంది.

నెమలయ్య ఆడిన ఆటకి నేల అదిరింది.

చారలక్క పువ్వు ఎండేదాకా ఆగి, విత్తనం తీసుకొని, ఆకులో చుట్టుకొని, నెమలయ్య వదిలేసిన రాళ్లమిట్ట ఎక్కింది.

గిజిగాడు వెనకే వచ్చాడు, ముక్కు వేలాడేసుకొని. "ఒక్క పువ్వు ఇచ్చుంటే పోయేది కదక్కా."

"నేల పోతే ఇంకో నేల చూసుకుంటాం తమ్ముడూ. విత్తనం పోతే ఎక్కడ వెతుక్కుంటాం?"

గిజిగాడు వెళ్లి తన పాత గూళ్లు లాక్కొచ్చాడు. అవే బుట్టలయ్యాయి. గూడు ఒక పక్క వాడు పట్టుకుంటే, ఇంకో పక్క ఉడత పట్టుకుంది. రాలిన ఆకులు, మెత్తటి మట్టి ఆ గూళ్లలోనే మిట్టకి మోశారు. రాళ్లు ఏరి గట్టు పెట్టారు. అది చూసి ఎలుగుబంటి పెద్ద రాళ్లు దొర్లించిపెట్టాడు.

"నా మూర పూలు నాకియ్యాలి మరి" అన్నాడు.

"కోతి మూర" అంది చారలక్క.

వానలు పడ్డాయి. వాగు ఒడ్డున నెమలయ్య మొక్కలు ఏపుగా లేచాయి. ఆకులే ఆకులు. నెమలయ్య మురిసిపోయాడు. కానీ పూలు పూసేసరికి ఒక్కొక్కటి రేగిపండంత ఉంది.

"ఇది పూలతోటా, ఆకుకూరల మడా?" అని కోతి అడిగింది.

"నేలది తప్పు!" అని నెమలయ్య అరిచాడు.

రాళ్లమిట్ట మీద మొక్కలు పొట్టిగానే ఉన్నాయి. కానీ ప్రతి మొక్క మీదా పూలు ఎలుగుబంటి పిడికిలంత! మిట్ట మొత్తం పసుపు ఆరబోసినట్టు ఉంది. అడవి అంతా అక్కడికే వచ్చింది. వాగు ఒడ్డున నెమలయ్య అంగడికి ఎవరూ పోలేదు. నెమలయ్య పింఛం విప్పినా చూసేవాళ్లు లేరు.

గజమ్మ మెల్లగా మిట్ట ఎక్కింది. పూలన్నీ చూసింది. వాగు వైపు చూసింది. మళ్లీ పూల వైపు చూసింది.

"మంచి నేల వాడిది. మంచి పూలు నీవి. ఇదెట్లానే?"

"వీటన్నిటి తల్లి నువ్వు అడిగిన పువ్వే అమ్మమ్మా. అప్పుడు ఇచ్చుంటే నీ పిల్ల నుదుటి మీద ఒక్క పూట ఉండి పోయేది. ఇప్పుడు నీకు ఎన్ని కావాలో కోసుకో."

గజమ్మ చెవులు మెల్లగా ఆడాయి. "పెద్దదాన్నే గానీ, నాకు ఇంత చిన్న సంగతి తెలియలేదే. నీ నేల నువ్వు తీసుకో తల్లీ."

చారలక్క మళ్లీ వాగు ఒడ్డుకి దిగింది. నెమలయ్య తల దించుకొని మిట్ట ఎక్కుతూ కనపడ్డాడు. పింఛం నేల మీద ఈడుస్తున్నాడు. ఒక్క మంచి విత్తనం కూడా వాడి దగ్గర లేదు.

"నెమలయ్యా, ఆగు" అని చారలక్క పిలిచింది. ఆకు పొట్లం ఒకటి, అరటి నార పోగు ఒకటి వాడి ముందు పెట్టింది. "విత్తనం ఇదిగో. దీంతోపాటు ఇది కూడా."

నెమలయ్య నార వైపు చూశాడు. రెండూ ముక్కున కరుచుకొని మిట్ట ఎక్కాడు.

మరుసటి ఏడు పూలకాలంలో గజమ్మ మిట్ట మీదికి వెళ్లింది. తోట బాగా పూసింది. అన్నిటికంటే పెద్ద పువ్వు కాడకి నార కట్టి ఉంది. వంకరగా, పది ముళ్లతో కట్టి ఉంది. ముడి వేయడం రాని ముక్కు కట్టిందని తెలిసిపోతోంది.

ఎట్లా ఉందో చూద్దామని గజమ్మ తొండం చాపింది.

నెమలయ్య ఒక్క ఎగురు ఎగిరి, ఆ పువ్వు ముందు రెక్కలు చాపి నిలబడ్డాడు.

"అమ్మమ్మా! తోటంతా నీదే! అదొక్కటి వద్దు!"

కింద వాగు ఒడ్డున చారలక్క, గిజిగాడు పడీ పడీ నవ్వారు.

నీతి: మంచిదంతా ఈ రోజుకే ఖర్చు పెట్టేసినవాడికి రేపు చెత్తే మిగులుతుంది. అన్నిటికంటే మేలైనది విత్తనానికి ఉంచినవాడికి రాళ్లలో కూడా పూలు పూస్తాయి.