పోలయ్య చెంప

“కోడిపిల్లల్ని పెంచడంలో నన్ను మించినోడు ఏడు మన్యాల్లో లేడు. నా చేతిలో పడ్డ పిల్లని యముడైనా నన్నడిగే తీసుకెళ్లాలి!” అన్నాడు పోలయ్య. మళ్లీ తనే, “ఇప్పటిదాకా పెంచింది రెండే అనుకో. అందులో ఒకటి బాతు” అన్నాడు.

అనగనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలం నాటి మాట ఇది. పోలయ్య ఈతచాపలు అల్లుకుని బతికేవాడు. చాప చిన్నది, నోరు పెద్దది. పొరుగింటి గవిరమ్మకు మూడు పెట్టలుండేవి. మూడింటి కిందా కలిపి ముప్పై పిల్లలు లేచాయి. మర్నాడే బావురుపిల్లి వచ్చి మూడు పెట్టల్నీ ఎత్తుకుపోయింది.

“ఇవీ పోతే నా పొయ్యి వెలగదు మరిదీ. అంత గొప్పోడివిగా, బతికించు” అంది గవిరమ్మ.

పోలయ్య తన గుడిసె మూలన కొత్త చాపను గుండ్రంగా నిలబెట్టాడు. లోపల ఊక చల్లాడు. నడుమ నిప్పుల కుంపటి పెట్టి, పైన చిల్లుల కుండ బోర్లించాడు. పిల్లల్ని వదిలాడు. నిలబడి చూశాడు. తన నుదుట చెమట పట్టింది. ఈ వేడి చాలనుకున్నాడు.

“ఏం మరిదీ, పిల్లలేమంటున్నాయి?”

“నన్ను పొగుడుతున్నాయి వదినా.”

పొగడలేదు. ఒకటే కిచకిచ. కుంపటి చుట్టూ ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టపడ్డాయి. అడుగున రెండు నలిగి చచ్చాయి.

రెండో రోజు నిప్పులు రెట్టింపు చేశాడు.

“ఏం మరిదీ, పిల్లలేమంటున్నాయి?”

“ఏమీ అనట్లేదు వదినా. నోళ్లు మాత్రం తెరిచాయి.”

రెక్కలు వేలాడేసి, చాప అంచుకు అతుక్కుని రొప్పుతున్నాయి. సాయంత్రానికి మూడు పోయాయి. ఆ పూట పోలయ్య ఒక్క గొప్పా చెప్పలేదు. అన్నం ముట్టలేదు.

మూడో రోజు తెల్లారగట్ల గవిరమ్మ వచ్చేసరికి పోలయ్య ఊకలో చెంప ఆనించి బోర్లా పడున్నాడు.

“ఏం మరిదీ, పిల్లలేమంటున్నాయి?”

ఉలిక్కిపడి లేవబోయాడు. ఏమనుకున్నాడో, మళ్లీ చెంప ఆనించాడు.

“వదినా, పైన మంట, కింద మంచు! తలుపు కింద నుంచి గాలి కోసేస్తోంది. నేను నా ఎత్తున నిలబడి చూశాను. వీటి ఎత్తు బెత్తెడైనా లేదు కదా!”

తలుపు కింద గోనె కుక్కాడు. ఊక దట్టంగా పోశాడు. నిప్పులు సగం తీశాడు. మళ్లీ చెంప ఆనించాడు. పిల్లలు మెల్లగా విడివడి ముగ్గుచుక్కల్లా పరుచుకున్నాయి. కిచకిచ సన్నబడింది. ఒక్కొక్కటే కునుకు తీసింది.

మిగిలిన ఇరవై ఐదూ బతికాయి. ఏడాది తిరిగేసరికి ఊరంతా గవిరమ్మ కోళ్లే.

పోలయ్య పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ కొండల వైపు కోడిపిల్లల్ని చాపలోకి వదిలే ముందు ఎంతటివాడైనా ఊకలో చెంప ఆనించాల్సిందే. పక్కవాళ్లు “ఏం పోలయ్యా, పిల్లలేమంటున్నాయి?” అని అడుగుతారు. చెంప వెచ్చబడ్డాకే “సరేనంటున్నాయి” అని లేవాలి. కాస్త ఎక్కువసేపు పడుకున్నాడా, అందరూ పకపకా నవ్వుతారు. ఆ నవ్వు గవిరమ్మ పంచిపెట్టింది. ఆఖరి రోజుల్లో పోలయ్య ఆమెను మంచం దగ్గరికి పిలిచి చెప్పాడట:

“వదినా, ఆ రోజు నేను వేడి చూడ్డానికి పడుకోలేదు. కుంపటి ఊదుతూ ఊదుతూ నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి ఓ పిల్ల వెచ్చదనం కోసం నా నోట్లో తల దూర్చి ఉంది.”