జావ చల్లారేదాకా

జెకర్యా అయ్యగారు ప్రార్థన అనగానే నోరు తెరిచే మనిషి కాదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఊరుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన కునుకు తీస్తున్నారేమో అనుకుంటారు. పాతలంక ఆడవాళ్లయితే, "అయ్యగారు మొదలెట్టేలోగా పొయ్యి మీద అన్నం ఉడికిపోద్ది" అని ఆయన ఎదుటే నవ్వుతారు. ఆయనా నవ్వుతారు గానీ అలవాటు మాత్రం మానుకోరు.

ఆయన దగ్గర సేవ నేర్చుకుంటున్న కృపానందం సంగతి వేరు. మోకరించాడంటే చాలు, ఇక వరద గోదారే. ఇంటి ప్రార్థన కూడికలకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతన్నే పిలిచేవారు. అతను ప్రార్థిస్తుంటే ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకునేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే వచ్చి గుడి మెట్ల మీద కూలబడ్డాడు. "అయ్యగారండీ, దేవుడి స్వరం ఎలా ఉంటదండీ? అడిగీ అడిగీ నా గొంతు పోయింది. ఆయన మాత్రం ఒక్క మాటా అనట్లేదు" అన్నాడు.

అతని బాధంతా తండ్రి ఏలియా గురించి. ఏలియా వడ్రంగి. ఆ గుడి తలుపులు ఆయన చేతివే. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడింది, మాట ముద్దయిపోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సెలైను మీద గడిచింది. తీరా ఇంటికి తెచ్చాక తిండి ముట్టడం లేదు. గొంతులో ఏ దోషమూ లేదు, మింగగలడు, ఎందుకు తినడం లేదో తెలియడం లేదన్నాడు డాక్టరు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు. పీకేసుకోకుండా చేతులు కట్టాల్సి రావచ్చని కూడా చెప్పాడు.

"జీవితమంతా ఆ చేతుల్తోనే బతికిన మనిషండీ. వాటిని మంచానికి ఎలా కట్టమంటారు? తనకే పోవాలని ఉందేమో. పోనివ్వాలో పట్టుకోవాలో చెప్పమని దేవుణ్ణి రోజూ అడుగుతున్నాను."

అయ్యగారు, "మంచినీళ్లు తాగుతున్నాడా?" అని అడిగారు.

"నీళ్లయితే తాగుతున్నాడండీ. జావ పెడితేనే మొహం తిప్పేసుకుంటాడు."

"మధ్యాహ్నం భోజనం వేళకి వస్తాను" అన్నారు అయ్యగారు.

ఆ ఇంట్లో భోజనమంటే ఒక పద్ధతి ఉండేది. ఏలియా ప్రార్థన చేయందే ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఆ ప్రార్థన చిన్నదా అంటే కాదు. కోడలు సలోమితో మొదలుపెట్టి మనవల్ని, ఇరుగుపొరుగుని, ఈనబోయే గేదెని కూడా తలుచుకునేవాడు. ఈలోగా చేపల పులుసు చల్లారిపోయేది. పిల్లలు ఒంటి కన్ను తెరిచి కంచాలకేసి చూసేవారు. ఆయన మంచాన పడ్డాక ఆ పని కృపానందం చేస్తున్నాడు. ఆకలి మీదున్న రోగి కదా అని, ఈ ఒక్క ప్రార్థనా పొట్టిగా కానిచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం సలోమి గోధుమ నూక జావ తెచ్చింది. కృపానందం గబగబా రెండు మాటలు చెప్పి, ఆమేన్ అని, చెంచా తండ్రి పెదాలకి ఆనించాడు. ముసలాయన కళ్లు గట్టిగా మూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎడమచెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ పాకింది.

"చూశారాండీ, రోజూ ఇదే వరస. దుప్పటి పీక్కుంటాడు, నోరు మాత్రం తెరవడు. మీరైనా ప్రార్థన చేయండి అయ్యగారూ."

అయ్యగారు అతని చేతిలోని గిన్నె తీసుకుని స్టూలు మీద పెట్టారు. మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏమీ మాట్లాడరు. ఊరికే ఉండలేక కృపానందం ఒక పాట అందుకోబోతే అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. జావ మీద తెట్టు కట్టింది.

"చల్లారిపోయిందండీ, వెచ్చబెట్టి తెస్తాను" అని సలోమి గిన్నె అందుకోబోయింది.

"ఉండనీ అమ్మా."

ఆ ఎడమచెయ్యి పాక్కుంటూ పాక్కుంటూ వెళ్లి, చచ్చుబడ్డ కుడిచేతిని పట్టుకుంది. మణికట్టు దగ్గర పట్టి, కష్టం మీద ఎత్తి, గుండె మీదకి తెచ్చుకుంది. వేళ్లు వేళ్లలో ఇమడలేదు. ఒకదాని మీద ఒకటి పడి ఊరుకున్నాయి. పెదాలు కదలడం మొదలుపెట్టాయి.

కృపానందం వంగి తండ్రి నోటి దగ్గర చెవి పెట్టాడు. మొదట ఉత్త గాలే వచ్చింది. తర్వాత, "స... లో..." అని వినబడింది. గుమ్మంలో ఉన్న సలోమి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మనవల పేర్లు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గేదె కూడా వచ్చింది. అన్నిటికీ చివర, ఊపిరంతా కూడదీసుకుని, "కృ... పా..." అన్నాడు.

కృపానందానికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తండ్రి మొదటి పేరు దగ్గర ఉండగానే తన ఆమేన్ పడిపోయేది, చెంచా పళ్లకి తగిలేది. నాన్న చేత తినిపించు దేవా అని ఏడుస్తూ, ఆ నాన్న ప్రార్థనకే పూటపూటా అడ్డం పడ్డాడు. ఆయనకి పోవాలని లేదు. అందర్నీ తలుచుకున్నాక తిందామని చూస్తున్నాడు, అంతే. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి అతను అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ... మె..." అన్నాడు ఏలియా. కళ్లు తెరిచాడు. నోరు కూడా తెరిచాడు.

కొడుకు పెడుతుంటే చల్లారిన జావ సగం గిన్నె తిన్నాడు. తిని, మిగతా సగం ఏదన్నట్టు స్టూలు వైపు చూశాడు. సలోమి ఏడుస్తూనే నవ్వింది.

అయ్యగారు లేచి బయటికి నడిచారు. కృపానందం చెంచా చేత్తోనే గుమ్మం దాకా పరిగెత్తాడు. "అయ్యగారండీ! ప్రార్థన చేయకుండానే వెళ్లిపోతన్నారేంటండీ?"

"ఇంటి పెద్దాయన చేశాడుగా" అన్నారు అయ్యగారు, చెప్పులు తొడుక్కుంటూ. రెండడుగులు వేసి మళ్లీ ఆగారు. "పొద్దున నువ్వు దేవుడి స్వరం గురించి ఏదో అడిగావు. ఇంకా అడగాలనిపిస్తే, రేపు మీ నాన్న ఆమేన్ అన్నాక వచ్చి అడుగు."