బెంచీ మీద ఇద్దరు, బోర్డులో ముగ్గురు

చింతలగరువు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు శాఖవారికి తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఎవరైనా సలహా చెప్పబోతే పాపం అని జాలిపడేవారు. అందరిలోకీ తెలివైనవాడు శాఖాధిపతి పుల్లంరాజు. ఆ మాట చెప్పిందీ ఆయనే.

ఆ శాఖలో ఉన్నది ముగ్గురే, సిద్ధాంతం చెప్పే ప్రొఫెసర్ లేడు. కంప్యూటర్ ముట్టుకోకుండానే దానితో ఏ పని అవుతుందో, ఏది ఎన్నటికీ కాదో తేల్చే పండితుడన్నమాట. "సాయంత్రం అయిదులోగా ఒకర్ని ఎంచి నాచేత సంతకం పెట్టించుకోండి. లేదా శాఖ మూసేసి మీ ముగ్గుర్నీ పశువైద్య శాఖకి తోలేస్తాను" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. పుల్లంరాజు ఆవుని చూస్తే గోడ దూకేస్తాడు. మనిషి సగమైపోయాడు.

వీసీ గారు రెండు నియమాలు కూడా పెట్టారు. ఇంటర్వ్యూ చేసే బోర్డులో ముగ్గురికి తగ్గకూడదు. బయట బెంచీ మీదున్న అభ్యర్థులని ఒకరితో ఒకర్ని పోల్చి మెరుగైనవాళ్ళని తీసుకోవాలి.

తీరా చూస్తే ఇంటర్వ్యూకి వచ్చింది ఒక్క మందాకిని. సిద్ధాంతంలో తలపండిన మనిషి, వరండాలో బెంచీ మీద బుద్ధిగా కూర్చుంది.

"ఒక్కరే ఉంటే ఎవరితో పోలుస్తామండీ?" అంది బోర్డులో ఉన్న జగదాంబ.

"భలే పట్టారు! చిట్టెబ్బాయి గారూ, మీరెళ్ళి ఆవిడ పక్కన కూర్చోండి" అన్నాడు పుల్లంరాజు.

అంతే, మూడో సభ్యుడు చిట్టెబ్బాయి జుట్టు దువ్వుకుని బెంచీ ఎక్కాడు. బోర్డులో ఇద్దరే మిగిలారు. ఇంకేముంది, మందాకినిని లోపలికి పిలిచి బోర్డులో కూర్చోబెట్టారు. బెంచీ మీద మళ్ళీ ఒక్కరే! జగదాంబ బయటికి పరుగెత్తింది. బోర్డులో ఒకరు తగ్గారు. చిట్టెబ్బాయి లోపలికొచ్చాడు. మందాకిని బయటికెళ్ళింది. మధ్యాహ్నం రెండున్నర దాకా ఇదే తంతు.

"రాజు గారూ, ఇది ఆగేది కాదండీ" అంది మందాకిని రొప్పుతూ. "అటు ముగ్గురు, ఇటు ఇద్దరు కావాలి. ఉన్నది నలుగురం. ఇంకో మనిషిని పట్టుకురండి."

"ఆగదని తిరక్కుండా ఎలా తెలుస్తుందమ్మా? తిరగండి, తిరగండి!"

ఇంకా రెండు గంటలు తిరిగారు. నాలుగున్నరకి, ఏం జరుగుతోందో చూద్దామని వీసీ గారే మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో బెంచీ మీద కూలబడ్డారు. పుల్లంరాజు ప్రాణం లేచొచ్చింది. "దొరికాడండీ ఐదో మనిషి!"

"నేను వీసీనయ్యా!"

"అది ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం. ఇంటర్వ్యూలో అందరూ చెప్పుకుంటారు. బెంచీ మీదున్నారుగా, లోపలికి దయచెయ్యండి."

ఇద్దరికీ ఒకటే ప్రశ్న. ఎప్పటికీ ఆగని పని ఏదో చెప్పండి.

మందాకిని నిదానంగా మొదలుపెట్టింది. "ఏ పని ఆగుతుందో, ఏది ఆగదో అన్నిటికీ ముందే తేల్చేసే పద్ధతి లేదని రుజువుందండీ..."

"తెలీదని ఒప్పేసుకుంది, పిచ్చితల్లి" అన్నాడు చిట్టెబ్బాయి.

వీసీ గారు బల్ల గుద్దారు. "మీ ముగ్గురికీ బుద్ధి చెప్పడం! అదయ్యా ఎప్పటికీ ఆగని పని!"

బోర్డు చప్పట్లు కొట్టింది. ఎంత టకీమని చెప్పాడు! ముగ్గురూ ఏకగ్రీవంగా ఆయన్నే ప్రొఫెసర్‌గా ఎంచేశారు. మందాకిని సంచీ తగిలించుకుని బస్సెక్కేసింది.

"ఇంత సరుకున్న మనిషిని పక్క విశ్వవిద్యాలయం వాళ్ళు ఎగరేసుకుపోతారు" అన్నాడు పుల్లంరాజు. అంతే, వీసీ గారిని లోపలే ఉంచి బయట తాళం పెట్టారు. ఆయన తలుపు బాదుతుంటే, "చూశారా, అప్పుడే పాఠం మొదలెట్టేశారు" అని జగదాంబ మురిసిపోయింది.

ఇక సంతకమే తరువాయి. నియామకం కాగితం పట్టుకుని ముగ్గురూ వీసీ గారి గదికి ఒకటే పరుగు. గది ఖాళీ. గోడ గడియారం టంగున అయిదు కొట్టింది. పుల్లంరాజుకి ఏడుపొక్కటే తక్కువ.

"మన కొంప ముంచాడండీ! ఇంత ముఖ్యమైన రోజున ఈ మహానుభావుడు ఎక్కడికి పోయినట్టు?"