ముగ్గు కింది అడుగులు

విరూపాక్షయ్య మాస్టారు ఏ ప్రశ్నకూ అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. కర్నూల్లో ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకు మొక్కల శాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆదివారం పొద్దున్నే తన ఇంటి వరండాలో పదిమందిని కూర్చోబెట్టుకుని ఉపనిషత్తులు చదివించేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే వాళ్ళ ముఖంలోకి కాసేపు చూసి, "ఆవకాయ పెట్టిన పూటే తినేస్తారా?" అనేవారు. నాలుగు రోజులకో నాలుగు నెలలకో జవాబు వచ్చేది. అది కూడా మాటగా వచ్చిన సందర్భాలు తక్కువ.

హైమావతి ప్రశ్నకు మాత్రం అంత గడువు లేదు. ఆమెకు అరవై ఆరేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు ముందు ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్ళనో కలిపిన మనిషి. పిల్లలు లేరు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆ ఆదివారం ఆమె చేతిలో ఒక దరఖాస్తు ఉంది. పక్క రాష్ట్రంలో ఎక్కడో కొండల మధ్య ఉన్న వృద్ధాశ్రమానిది. ముత్యాల్లాంటి అక్షరాలతో అన్ని గడులూ నింపింది, ఒక్కటి తప్ప.

"అవసరమైతే ఎవరికి కబురు చేయాలి అని ఒక గడి ఉంది మాస్టారూ. ఆ మనిషి సంతకం కూడా కావాలట. మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఒక్క పేరూ తట్టలేదు. మీ పేరు రాసుకోనా?" అంది, కాగితం ఆయనకు అందిస్తూ. అని ఊరుకోలేదు. అడగదలచింది అడిగేసింది. "ఇన్నేళ్ళు బతికాను. నా గడప తొక్కే మనిషి ఒక్కరు లేరేమిటి? లోపం నాలోనే ఉందా?"

వరండాలో మిగతావాళ్ళు తలలు వంచుకుని పుస్తకాల్లోకి చూశారు. ఇలాంటప్పుడు పుస్తకాలు ఎంతో పనికొస్తాయి.

ఆమె ఒళ్ళో ఉన్న ఫోను చప్పుడు లేకుండా వెలిగి, కాసేపుండి ఆరిపోయింది. హైమావతి దాన్ని తీసి, అందులో ఉన్న పిలుపుల జాబితా అంతా బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచేసింది.

"ఎవరమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవరో. చూడలేదు. అంత అవసరమైతే మళ్ళీ చేస్తారు లెండి." ఆయన ఇంకా చూస్తూనే ఉండడంతో కొంచెం సిగ్గుపడి చెప్పుకొచ్చింది. ఉద్యోగమంతా గంటలు విని విని చెవులు దిబ్బడ వేశాయని, అందుకే ఫోను మోగనివ్వదని. షిఫ్టు దిగేటప్పుడు తీగలన్నీ పీకి, బోర్డు శుభ్రంగా అప్పగించి వెళ్ళడం అలవాటై, ఈ జాబితా కూడా ఏ పూటకాపూట ఖాళీ చేయనిదే ఆమెకు అన్నం సయించదని.

మాస్టారు దరఖాస్తు తిరిగి ఇచ్చేశారు. "బుధవారం మనవాళ్ళంతా అడవికి పోతున్నారు. మీరూ రండి. తిరిగొచ్చేటప్పుడు సంతకం చేస్తాను," అన్నారు.

నల్లమల అంచున జంతువులను చూడడానికి కట్టిన విడిది అది. ఎనిమిది కుటీరాలు, నడుమ భోజనశాల, కొంచెం దూరంలో నీటిగుంట, దాని ఒడ్డున కొయ్య మంచె. పొద్దునా సాయంత్రం జీపులో అడవిలోకి తీసుకెళ్ళి తిప్పుతారు. బుధవారం సాయంత్రం మేనేజరు అందరినీ టీకి పిలిచి ఇక్కడ ఎలా మసలుకోవాలో చెప్పాడు. హైమావతి వెళ్ళలేదు. తాను లేకపోతే లోటెవరికి అనుకుంది. చివరి కుటీరం అడిగి తీసుకుని, తలుపు వేసుకుని, తెచ్చుకున్న నాలుగు చీరలనూ రెండుసార్లు మడత పెట్టింది.

ఆమె సంగతి ఒకటి చెప్పాలి. ఎక్కడికి వెళ్ళినా సంచిలో ముగ్గుపిండి డబ్బా ఉంటుంది. గురువారం తెల్లవారుతూనే లేచి తలుపు తీసింది. మెట్ల ముందు రెండు బారల మేర ఎర్రమట్టిలో ఇసుక కలిపి చదును చేసిన వాకిలి. దాని మీద రాలిన ఆకులు, గీతలు, గుంటలు. డబ్బు తీసుకుని వాకిలి ఊడ్చే దిక్కు కూడా లేదా వీళ్ళకు అని విసుక్కుని, స్నానాల గది మూల నుంచి చీపురు తెచ్చింది. శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి, ఎనిమిది రేకుల పద్మం వేసింది. దారిన పోతూ మాస్టారు ఆగి చూశారు.

"ముగ్గు బాగుందమ్మా," అని సాగిపోయారు.

ఆమెకు ఆ రోజుకు దక్కిన ముచ్చట అదొక్కటే. జీపులో రెండు నెమళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. అదే రోజు వెనక జీపులో వెళ్ళినవాళ్ళు ఎలుగుబంటిని చూశారు. భోజనాల దగ్గర ఒకరి మీద ఒకరు పడి చెప్పుకున్నారు. "మీరేం చూశారమ్మా?" అని ఎవరో అడిగితే, "ఏమీ లేదు," అంది. శుక్రవారం మంచె మీద గంట సేపు కూర్చుంది. గుంటలో నీళ్ళు కదల్లేదు. ఆమె లేచి వచ్చేసిన పావుగంటకు దుప్పుల మంద దిగిందట. జంతువులకు కూడా నా పొడ గిట్టదు కాబోలు అనుకుంది. నవ్వుకుందామని అనుకున్న మాట అది, కానీ నవ్వు రాలేదు. ఒంటరితనానికి అలవాటు పడ్డానని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. అంతమంది నడుమ కూర్చుని ఆమె అన్నం కెలికి, సగంలోనే లేచిపోయింది.

దీనికి తోడు బకెట్టు గొడవ ఒకటి. దుమ్ములో తిరిగొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి సాయంత్రం మెట్టు పక్కన బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకునేది. తెల్లారి చూస్తే సగానికి తక్కువ. కారుతోంది, మార్చండని మేనేజరుకు చెప్పింది. మార్చాడు. మర్నాటికి కొత్తదీ కారింది. "మీ బకెట్లన్నీ ఒక్క కొట్టులోనే కొన్నారా నాయనా?" అని దెప్పింది. అతను తల గోక్కుని మూడోది ఇచ్చాడు.

శనివారం పొద్దున, ముగ్గు పూర్తి చేసి నడుము నిలబెడుతుండగా ఈదన్న వచ్చాడు. ఆ విడిదిలో అడుగుజాడలు చూసే చెంచు మనిషి. జుట్టు నెరిసింది, చూపు మాత్రం నెరవలేదు. చెల్లెలి కూతురి పెళ్ళికని పోయి అప్పుడే పనిలోకి దిగాడు. వాకిలి ముందు గొంతుక్కూర్చుని ముగ్గు వంక చాలాసేపు చూశాడు.

"ఎవురేసినారమ్మా ఈ పద్మం?"

"నేనే. మూడు రోజుల నుంచీ నేనే ఊడ్చి వేస్తున్నాను," అంది హైమావతి కాస్త గర్వంగా.

"శానా బాగుండాది. దీని కింద ఎవురుండారో చూసినారా?"

ఆమెకు అర్థం కాలేదు. ఈదన్న నెమ్మదిగా చెప్పాడు. ప్రతి గుడిసె ముందూ ఆ ఇసుక వాకిలి పోసింది అందానికి కాదు. మాపటేళ చదును చేసి వదిలేస్తారు. రాత్రి అటుగా వచ్చిపోయినవాళ్ళు దాని మీద అడుగులు వేస్తారు. పొద్దున అతను వచ్చి చదివి, ఎవరొచ్చారో విడిదివాళ్ళకు చెప్పాకే మళ్ళీ చదును చేస్తారు. బుధవారం టీ దగ్గర మేనేజరు చెప్పిన మొదటి సంగతి అదే.

"నా వాకిట్లోకి ఏమీ రాలేదు. ఆకులూ గీతలూ తప్ప ఏం లేవు," అంది. అంటుండగానే ఆ గీతలు, ఆ గుంటలు కళ్ళ ముందు ఆడాయి.

ఈదన్న లేచి బకెట్టు ఎత్తాడు. "ఇది కారతాందని చెప్పినారంట. కారేదయితే కింద తడి ఉండల్ల కదమ్మా? సూడండి, ఎండిపోయి ఉండాది." బకెట్టు అంచుకు అంటుకున్న ముతక వెంట్రుక ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "కణితిది. జింకల్లో పెద్దది. ఎండాకాలం గదా, గుంట కాడికి పోతే పెద్దపులి బయం. మూడు దినాల్నుంచి మీ ఇంటికొచ్చి నీళ్ళు తాగి పోతా ఉండాది. మీరేమో పొద్దున్నే లేసి తుడిసేస్తా ఉండారు."

హైమావతి ఆ వెంట్రుకను గుప్పిట్లో మూసుకుంది. సరాసరి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వేపచెట్టు కింద నిలబడి పళ్ళు తోముకుంటున్నారు. "మీరు గురువారమే చూశారు. మీకు తెలుసు. నాకెందుకు చెప్పలేదు?" అని నిలదీసింది. గురువు మీద అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు.

"చెబితే ఈ వాకిలి ఊడవడం మానేసేవారు," అన్నారాయన. "అంతే."

ఆ సాయంత్రం ఆమె జీపెక్కలేదు. ఈదన్నతో కలిసి వాకిలి చదును చేసింది. బకెట్టు కడిగి అంచుదాకా నింపింది. పెందరాళే దీపం ఆర్పేసి పడుకుంది. చుట్టం వస్తాడన్న ఇంట్లో పడుకున్నట్టు పడుకుంది.

ఆదివారం తెల్లవారాక తలుపు తీసి, చీపురు ముట్టకుండా, మెట్టు మీదే కూర్చుంది. అడుగులు ఉన్నాయి. రెండుగా చీలిన పెద్ద గిట్టల గుర్తులు అడవి వైపు నుంచి నేరుగా బకెట్టు దాకా వచ్చాయి. వాటి పక్కనే, వాటిలోనే పడుతూ లేస్తూ, చిన్న గిట్టలు. తల్లీ పిల్లా. నీళ్ళు తాగి వెంటనే వెళ్ళిపోలేదు. పెద్ద అడుగులు మొదటి మెట్టు ముందుకు వచ్చి అక్కడ లోతుగా దిగాయి.

"ఈడ నిలబడుకున్నాది, శానాసేపు," అన్నాడు అప్పుడే వచ్చిన ఈదన్న.

తలుపుకు అవతల, నాలుగు బారల దూరంలో తాను పడుకుని ఉంది. ఒక్కతే ఉన్నానని అనుకుంటూ పడుకుంది. హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త పోయిన తర్వాత అంత ఏడుపు మళ్ళీ అదే. ఈదన్న పెద్దమనిషి, పక్కకు తిరిగి చెట్లను చూస్తూ నిలబడ్డాడు.

పదింటికి వ్యాను బయలుదేరింది. హైమావతి మాస్టారి పక్క సీట్లో కూర్చుంది. ఘాటు రోడ్డు సగం ఎక్కాక సంచిలోంచి దరఖాస్తు తీసింది. రేపు టపాలో వేయాలి. కణితి వచ్చినంత మాత్రాన ఆ గడి నిండదని ఆమెకు తెలుసు. కణితికి సంతకం రాదు.

"మాస్టారూ, మీరు మాటిచ్చారు," అంది.

"ఇచ్చాను," అని ఆయన కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, జేబులోంచి కలం తీశారు.

వ్యాను ఘాటు పైకి చేరింది. నాలుగు రోజులుగా సిగ్నలు లేక మూగగా పడి ఉన్న ఫోను ఆమె ఒళ్ళో వెలిగింది. అందని పిలుపులు పదకొండు అని చూపించింది. ఆదివారానివి, శనివారానివి, గురువారానివి ఒకదాని కింద ఒకటి వచ్చి పేరుకున్నాయి. ఒకే పేరు మూడు నాలుగు చోట్ల ఉన్నట్టుంది. ఆమె చదవలేదు. ఆమె కళ్ళు మాస్టారి కలం మీదే ఉన్నాయి. బొటనవేలు మాత్రం, ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున, తుడిచే చోటికి దానంతటదే వెళ్ళింది.

మాస్టారు కలానికి మూత పెట్టేశారు. కాగితాన్ని ఖాళీ గడితోనే మడిచి ఆమె చేతికిచ్చారు.

"అమ్మా," అన్నారు, "ఆ చీపురు కాస్త పక్కన పెట్టండి."