ముందున్న పది ఓమ్‌లు

పరాంకుశం ఉసూరుమంటూ గురువుగారి దగ్గరికి వెళ్లాడు. "ఇంకో నలుగురు టీచర్లు కావాలి స్వామీ. ఉన్నవాళ్లు చాలడం లేదు."

ఆదివారం వస్తే చాలు, పదో తరగతి పిల్లలు లెక్కల్లో, సైన్సులో సందేహాలు పట్టుకుని ఆ కొండకింది ఆశ్రమానికి వస్తారు. ముగ్గురు టీచర్లు సరిపోవడం లేదని పోయిన నెలలోనే మరో ముగ్గుర్ని పిలిపించారు. అయినా వరండాలో వరస తరగలేదు. సగంమంది సందేహాలు సందేహాల్లాగే మోసుకుని ఇంటికి పోతున్నారు.

పరాంకుశం ఆశ్రమానికి రాకముందు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాడు. హాలు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని, ప్రతి నోటుబుక్కూ తనే చూసి, తప్పెక్కడుందో ఎర్రసిరాతో గుర్తుపెట్టి, ఆ తర్వాతే పిల్లల్ని లోపలున్న టీచర్ల దగ్గరికి పంపేవాడు. తను చూడకపోతే లోపలివాళ్లు ఏదో ఒకటి చెప్పేస్తారని అతని బెంగ. చూపు మాత్రం మహా చురుకు, ఆ మాట ఒప్పుకోవాలి.

పూర్ణస్వామి లేచి, అతన్ని వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చారు. వరస చివర్లో పైడితల్లి అనే పిల్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరుతోంది.

"అప్పుడే వెళ్లిపోతున్నావేం తల్లీ?"

"మూడు ఆదివారాల్నించి వత్తన్నాను స్వామీ. నా వంతు వచ్చేసరికి మా ఊరి బస్సు ఎల్లిపోతంది. బుధవారమే పరీక్ష. ఇంక రాను."

స్వామి ఆమె నోటుబుక్కు తీసుకుని అడగాలనుకున్న లెక్క చూశారు. సుద్దముక్కతో ఆ బొమ్మనే గచ్చుమీద గీశారు. పన్నెండు వోల్టుల బ్యాటరీ. దాని ముందు, కరెంటుకి అడ్డుపడేలా, పది ఓమ్‌ల నిరోధం ఒకటి. అది దాటాక తీగ మూడు దారులుగా చీలింది, దారికి ఆరేసి ఓమ్‌లు.

"కరెంటెంత నాయనా?"

పరాంకుశానికి ఒళ్లు మండింది. ఇంతమంది పిల్లలు ఎదురుచూస్తుంటే ఇప్పుడు తనకా పరీక్ష! అయినా చెప్పాడు. "పక్కపక్కనున్న మూడు ఆర్లూ కలిసి రెండుతో సమానం స్వామీ. ముందున్న పదితో కలిపితే పన్నెండు. పన్నెండు వోల్టులకి ఒక ఆంపియరు."

స్వామి ఆ మూడు దారుల పక్కనే ఇంకో మూడు ఆర్లు గీశారు. "ఇప్పుడో?"

"ఆరూ కలిసి ఒక ఓమ్. ముందున్న పదితో పదకొండు. ఒక ఆంపియరూ, ఆపైన పదోవంతు కూడా లేదు."

"అదేమిటయ్యా! కొత్తగా మూడు దారులు వేస్తే పెరిగింది ఆ కాస్తేనా?"

"ఎన్ని వేసినా అంతే స్వామీ. ముందున్న ఆ పది కదలనిదే..."

మాట అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో తన కుర్చీ ఉంది. దాని వెనక, హాల్లో, ఆరుగురిలో నలుగురు టీచర్లు పనిలేక కబుర్లు చెప్పుకుంటున్నారు.

పరాంకుశం తల దించుకున్నాడు. ఇంక ఈ ఆశ్రమంలో తనకేం పని మిగిలిందనిపించింది.

"దీన్ని చెరిపెయ్యమంటారా స్వామీ?" అన్నాడు, ముందున్న పదిని చూపిస్తూ.

"ఎందుకయ్యా చెరపడం, నిక్షేపంలాంటి దాన్ని!" స్వామి సుద్దముక్క అతని చేతిలో పెట్టారు. "తెచ్చి వాటి పక్కన గియ్యి."

గీశాడు. అది ఉన్నచోట ఉత్త తీగ మిగిలింది. నోటితోనే లెక్క వేశాడు. ఏడూ కలిసినా ఒక ఓమ్ కూడా లేదు. పదమూడు ఆంపియర్లు దాటింది. నమ్మలేక ఇంకోసారి వేశాడు. మళ్లీ అంతే వచ్చింది.

తలెత్తేసరికి స్వామి తన గదికి వెళ్లిపోయారు.

పరాంకుశం గుమ్మంలోంచి కుర్చీ ఎత్తుకెళ్లి టీచర్ల వరసలో చివరన వేసుకున్నాడు. పిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చేశారు.

"పైడితల్లీ, ఇలా రా అమ్మా," అని పిలిచాడు. "బస్సుకింకా టైముంది."