నాంచారి నీళ్ళు

అనగా అనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, మన తాతల తాతలు ఉయ్యాల్లో ఊగుతున్న కాలం. నల్లరేగడి నేలలో దూదిపాళెం అని ఓ ఊరుండేది. అక్కడ పత్తికి పెంటే ఎరువు, వేపగింజల నీళ్ళే మందు. ఆ పత్తే వడికేవారు, ఆ నూలే నేసేవారు, ఆ బట్టే కట్టేవారు. అంత మెత్తటి బట్ట చుట్టుపక్కల ఎక్కడా లేదని వాళ్ళకి మహా గొప్ప. ఉన్నమాటే లెండి, ఉత్త గొప్పేం కాదు.

ఆ బట్టలన్నీ ఉతికేది చాకలి నాంచారి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వాగొడ్డున ఓ పాక, ఓ బండ, నాలుగు కుండలు, అదీ ఆమె ఆస్తి. కొత్త బట్ట ఎవరు తెచ్చినా ఆమె నోట ఒకటే పాట.

"కొట్టొద్దు, కాచొద్దు, పిండొద్దు! కొత్త నూలమ్మా, పసిబిడ్డకి పోసినట్టు నీళ్ళు పొయ్యాల."

"బట్టని కొట్టని చాకల్ని నిన్నే చూశామే!" అని అమ్మలక్కలు ఒకటే నవ్వు. నాంచారి కూడా నవ్వేది. నవ్వి, మళ్ళీ తన పద్ధతిలోనే జాడించేది.

ఆ ఊళ్ళో ఏటేటా ఊరమ్మ జాతర. తొలి పత్తితో నేసిన తెల్లబట్ట అమ్మవారికి కట్టాలి. కొత్త బట్ట కదా, నాలుగు మూలలా పసుపు పెట్టాలి. ఆ ఏడు బట్ట నేసింది ముత్యాలు. మగ్గం వీరన్న కోడలు, కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. "పరాయి ఊరి పిల్ల చేత నేయించారు, అమ్మ ఏమంటుందో" అని కొందరు మూతులు తిప్పారు. ముత్యాలుతో మనసిచ్చి మాట్లాడేది నాంచారి ఒక్కతే. ఆ పిల్ల కూడా ఆమెని నోరారా అత్తా అని పిలిచేది.

జాతర రానే వచ్చింది. డప్పులు! వేపమండలు! పసుపునీళ్ళు! పెత్తందారు రంగయ్య ముందు నడుస్తున్నాడు. ఆయన భార్య చిట్టెమ్మ నెత్తిన పళ్ళెం, పళ్ళెంలో బట్ట. ఊరేగింపు వాగు దగ్గరకొచ్చింది. సరిగ్గా అప్పుడే రంగయ్యగారి ఎద్దు బురదతోక విసిరింది. పడింది చూడండి మరక, తెల్లబట్ట నట్టనడుమ!

చిట్టెమ్మ కంగారుగా అటూ ఇటూ చూసింది. పక్కనే నాంచారి కుండ కనిపించింది. అందులో ఉన్నది ఉత్త నీళ్ళా, మురికిబట్టల కోసం చౌడుమన్ను కలిపిన నీళ్ళా అని చూసిందా? చూడలేదు. బట్టని తీసుకెళ్ళి గభాలున ముంచేసింది. బురద పోయింది. కానీ బట్ట పైకెత్తేసరికి నాలుగు మూలలూ ఎర్రగా, నెత్తురు ఓడుతున్నట్టు!

"నెత్తురు! అమ్మకి కోపమొచ్చింది!" అని జనం గొల్లుమన్నారు. డప్పులు ఠక్కున ఆగిపోయాయి.

"వేడినీళ్ళు పొయ్యండి!" అన్నాడు రంగయ్య. పోశారు. ఎరుపు పోలేదు.

"బండకేసి బాదండి!" అన్నాడు పూజారి. బాదారు. ఓ మూల నూలు పురి విడిపోయింది, ఎరుపు మాత్రం పోలేదు.

"ఇంకాస్త చౌడు రుద్దండే!" అంది చిట్టెమ్మ. రుద్దారు. ఉన్న ఎరుపు ఇంకా చిక్కబడింది.

రంగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇది నేసిన చేతుల దోషం. పొద్దుగూకే లోపల ఈ పిల్ల ఊరు దాటాల. లేకపోతే ఊరికే అరిష్టం."

మామ వీరన్న రెండడుగులు వెనక్కేశాడు. మొగుడు తల దించుకున్నాడు. ముత్యాలు పరుగున వెళ్ళి నాంచారి కాళ్ళు పట్టుకుంది.

"నేనేం పాపం చేశానత్తా? ఏడుకొండలవాడి మీద ఒట్టు, ఒళ్ళు శుద్ధిగా ఉంచుకునే నేశాను!"

దాపరికం ఎందుకు, నాంచారికీ అది నెత్తురే అనిపించింది. పిల్లని లేవదీద్దామని వంగింది. వంగితే ముత్యాలు పాదాలు కనిపించాయి. జాతరకి పెట్టుకున్న పారాణి ఎర్రగా మెరుస్తోంది. నాంచారి పాదాలు చూసింది, బట్ట చూసింది, మళ్ళీ పాదాలు చూసింది.

"ఏమే, పారాణి ఎట్టా కలిపావే?"

"అందరూ కలిపేట్టే అత్తా. పసుపూ, సున్నమూ."

"ఓలమ్మో!" అని కేకేసి నాంచారి చప్పట్లు చరిచింది. "అది నెత్తురు కాదర్రా! పారాణి! పసుపుకి చౌడు తగిలింది. సున్నమూ చౌడూ ఒక తానులో ముక్కలే గదా! మీ కాళ్ళు మీరు చూసుకోండే!"

ఆడవాళ్ళంతా వంగి కాళ్ళు చూసుకున్నారు. రంగయ్య మెత్తబడలేదు.

"మాటలు కాదు, బట్ట బాగుచేసి చూపించు. కాలేదో, ఆ పిల్లతో పాటు నువ్వూ ఊరు దాటాల్సిందే."

నాంచారి ఒక్క క్షణం తన పాక వంక చూసింది. ఉన్న గూడు అదొక్కటే. ఆ తర్వాత ముత్యాలు మొహం చూసింది.

"చింతపండు తెండి! చౌడుకి పులుపే విరుగుడు" అంది.

ఇంకేముంది, ఊరు ఊరంతా పరుగో పరుగు! ఒకరు చింతపండు ముద్ద తెచ్చారు, ఒకరు నానబోసింది తెచ్చారు. ఒకావిడైతే తొందరలో పొయ్యి మీది పులుసే ఉల్లిపాయ ముక్కలతో సహా పట్టుకొచ్చింది. నాంచారి చన్నీళ్ళలో చింతపండు పిసికి వడగట్టింది. ఒక మూల ముంచింది. ఎరుపు కరిగి పసుపైంది! జనం నోళ్ళు తెరిచారు. రెండో మూల ముంచింది. పసుపు! మూడో మూల ముంచింది. పసుపు! నాలుగోది ముత్యాలు చేతికిచ్చింది.

"నువ్వే ముంచు తల్లీ. నేసిన చేతులు నీయి."

ముత్యాలు మెల్లగా ముంచింది. బంగారంలాంటి పసుపు! డప్పులు ఒక్కసారిగా మోగాయి. సంబరంలో నలుగురు కుర్రాళ్ళు బట్ట పిండబోయారు.

"పిండొద్దు!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. నాంచారి పడీ పడీ నవ్వింది. ఆ బట్టని నాలుగు మూలలా పట్టుకుని, గాలికి ఆరబెట్టుకుంటూ అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళారు.

"మేమూ రోజూ చూసే పారాణే గదా, మాకెందుకు తట్టలేదే?" అన్నాడు రంగయ్య, కాస్త సిగ్గుపడి.

"భయంలో ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకోరు లెండి దొరా. నాకూ తట్టలా, ఈ పిల్ల కాళ్ళమీద పడేదాకా."

ఆ తర్వాత నాంచారి చాలాకాలం బతికింది. పోయిననాడు ముత్యాలు తాను నేసిన కొత్తబట్ట కప్పి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది.

దూదిపాళెంలో ఇప్పటికీ కొత్త నూలుబట్టని కొట్టరు, కాచరు, పిండరు. చింతపండు పిసికిన చన్నీళ్ళలో ఓసారి ముంచి, ఆపైన మంచినీళ్ళలో జాడించి కడతారు. వాటిని నాంచారి నీళ్ళంటారు. జాతరబట్ట నాలుగు మూలలూ పట్టేది ఆ ఏడు కాపురానికొచ్చిన కోడళ్ళే.

ఇంకోటుంది. ఏ ఇంట్లోనైనా ఓ పిల్ల మీద నింద పడి, నలుగురూ చుట్టూ చేరి కేకలేస్తుంటే, ఎవరో ఒక ముసలమ్మ గడపలోంచే అరుస్తుంది.

"ఆగండర్రా! ముందు నాంచారి నీళ్ళు పోసి చూడండి!"

ఆ మాట పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఏ ఆడపిల్లా ఏడుస్తూ పొలిమేర దాటలేదు.